వంతెన అడుగు ప్రశ్న

యుద్ధవాహనమును గూర్చి జనసామాన్యము అడుగు ప్రశ్నలు మూడు: దాని ఫిరంగి యెంత పెద్దది, దాని కవచమెంత మందము, అది గంటకు ఎంత దూరము పరుగెత్తును. ఈ మూడింటికిని సమాధానములు పట్టికలలో దొరకును; రెండు వాహనముల పట్టికలను ప్రక్కప్రక్కన నుంచి, అంకెలు పెద్దవిగా నున్నదే మేలైనదని తీర్పు చెప్పుటయు సులభమే. కాని సైన్యమునకు వాహనమును ఎంచిపెట్టు బాధ్యతను మీద వేసికొన్న విశ్లేషకుడు ఆ పట్టికను తెరచుటకు ముందు చాల దూరము తిరిగి రావలసియుండును. ఈ బండి ఏ నేలమీద నడువవలెను, ఏ వంతెనను దాటవలెను, ఏ రైలుపెట్టె నెక్కవలెను, దినమునకెంత ఇంధనము త్రాగును, ఆ ఇంధనమును మోసికొనివచ్చు లారీలెన్ని, చెడిపోయినపుడు బాగుచేయువాడెవడు, వాని చేతికి విడిభాగము ఎన్నాళ్లకు చేరును, ఎదుట నిలుచు శత్రువెట్టివాడు, ఇన్నింటి పిమ్మట అది నెరవేర్పవలసిన కార్యమేమి అనునవి అతని ప్రశ్నలు. సంతలో ఎద్దును బేరమాడు రైతు దాని మూపురమును మెచ్చుకొనవచ్చును గాని, రొక్కము చెల్లించుట మాత్రము తన పొలము నల్లరేగడియా, ఎర్రనేలయా, తన కొట్టములో నున్న జతయెద్దు నడక యెట్టిది, వేసవికి మేత యెంత నిలువయుండును అని తేల్చుకొనిన తరువాతనే.

ఇట్లు ఒక వస్తువును దానికదిగా గాక, అది యే పెద్ద అమరికలో నొక అంగమై పనిచేయునో ఆ అమరిక నంతటిని ముందుంచుకొని తూచు పద్ధతికి వ్యవస్థా విశ్లేషణమని పేరు. దీనికి గణితము కావలయును, సంభావ్యతా శాస్త్రము కావలయును, నేడు గణకయంత్రములును కావలయును. కాని వీనియన్నింటికంటె ముందు కావలసినది, ఏ కొలబద్దతో తూచవలెనో నిర్ణయించుకొను వివేకము. ఆ వివేకము లేనిచోట లెక్క యెంత సూక్ష్మమైనను అది పొరపాటును దశాంశ స్థానములతో అలంకరించుటయే యగును.

జోజిలా మీద స్టూవర్టులు

1948వ సంవత్సరపు శరత్కాలమున కాశ్మీరమునందలి జోజిలా కనుమ శత్రువుల చేతిలో నుండెను. శ్రీనగరమునుండి లడఖునకు పోవు బాట ఇంచుమించు 11,500 అడుగుల యెత్తున నున్న ఆ కనుమమీదుగానే సాగును. సెప్టెంబరులో మన పదాతిదళములు చేసిన దాడులు, బండల మాటున నమర్చిన మరతుపాకుల ధాటికి నిలువలేక విఫలమయ్యెను. అంతట జనరల్ తిమ్మయ్య, అంతటి యెత్తున ఎవరును ఊహింపని సాధనమును, అనగా ట్యాంకులను, రప్పింప నిశ్చయించెను.

ఏడవ క్యావల్రీ దళమునకు చెందిన ఆ స్టూవర్టు ట్యాంకులు రెండవ ప్రపంచయుద్ధపు తొలినాళ్లవి. బరువు ఇంచుమించు 15 టన్నులు. ఫిరంగి గొట్టపు లోవ్యాసము 37 మిల్లీమీటర్లు మాత్రమే. ఐరోపా రణరంగమున జర్మను ట్యాంకుల ముఖకవచము నెదుర్కొనుటకు ఆ గుండు చాలదని తేలి, యుద్ధము ముగియక పూర్వమే వానిని వేగుపనులకు మరల్చియుండిరి. జమ్మునుండి శ్రీనగరమునకు వచ్చు దారిలోని వంతెనలు ఆ కొద్దిపాటి బరువునైనను మోయునో మోయవో యను సందేహముండుటచే, ట్యాంకుల పైబురుజులను ఊడదీసి వేరుగా తరలించిరి. బల్తాల్ నుండి కనుమకెక్కు ఇరుకు బాటను, తెలుగు జవానులును పనిచేయు మద్రాసు సాపర్ల దళము తొలిచి, ట్యాంకు పట్టునంత వెడల్పు చేసెను. నవంబరు 1వ తేదీన మంచులో ఆ ట్యాంకులు కనుమలోనికి చొరబడగా, శత్రువు నొద్ద వానికి సరియైన ప్రతిక్రియ లేకపోయెను, బండల నడుమనున్న తుపాకి స్థానములు ఒకటొకటిగా మూగవోయెను, కనుమ వశమయ్యెను.

పట్టికలో చూచినచో స్టూవర్టు ఆనాటి ట్యాంకులలో కడపటి వరుసలోనిది. జోజిలామీద మాత్రము దానిని మించినది లేదు. ఏలయన దానిని మించినదేదియు అచ్చటికి రాజాలదు. ఈ విజయములో ట్యాంకు వంతెంత, బురుజు నూడదీయవచ్చునను ఆలోచన వంతెంత, సాపర్ల పలుగుపారల వంతెంత అని విడదీయబూనుట వ్యర్థము. ఆ మూడును కలిసినదే వ్యవస్థ.

లెక్క పుట్టిన తావు

సేనానులు తమ యనుభవముచేత ఇట్టి నిర్ణయములను అనాదిగా చేయుచునే యున్నారు. వానిని శాస్త్రవేత్తల చేతి లెక్కలతో పరీక్షించు ఆచారము మాత్రము రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండునందు స్థిరపడినది. భౌతికశాస్త్రజ్ఞుడైన ప్యాట్రిక్ బ్లాకెట్ నాయకత్వమున తీరరక్షక వైమానికదళమునకు తోడ్పడిన చిన్న బృందమొకటి, జలాంతర్గాములమీద విమానములు జారవిడుచు బాంబులు ఎంత లోతున పేలవలెనని విచారించెను. అంతవరకు వానిని 100 అడుగుల లోతునకు సరిచేయుచుండిరి. విమానమును చూచి లోతునకు మునిగిపోయిన జలాంతర్గామి ఎచ్చట నున్నదో తెలియరాదు; గురి తప్పక తగులునది అప్పుడే మునుగుచున్నది, లేక ఇంకను పైననే యున్నది మాత్రమే. కావున ఆ లోతును 25 అడుగులకు తగ్గింపుడని ఇ. జె. విలియమ్సు అను శాస్త్రజ్ఞుడు సలహా యిచ్చెను. విమానము మారలేదు, బాంబు మారలేదు, వైమానికుడు మారలేదు. ఐనను దాడుల ఫలితము ఎన్నో రెట్లు హెచ్చెను.

ఈ బ్లాకెట్ మనకు పరాయివాడు కాడు. స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో నెహ్రూ ఆహ్వానముపై వచ్చి, మన రక్షణశాఖకు విజ్ఞానశాస్త్రము ఎట్లు తోడ్పడవలెనో సూచించినవా డతడే. 1948లో దౌలత్‌సింగ్ కొఠారీ రక్షణశాఖకు మొదటి వైజ్ఞానిక సలహాదారు డయ్యెను. ఆయుధములను, వాహనములను, యుద్ధక్రీడలను గణితదృష్టితో పరిశీలించుటకు నేడు ఢిల్లీలో ప్రత్యేకమైన సంస్థయే కలదు.

బ్లాకెట్ బృందము చేతనున్న వస్తువును మేలుగా వాడుకొనుట యెట్లని అడిగినది. యుద్ధానంతరము అమెరికాలోని ర్యాండ్ సంస్థవారు ఇంకను పుట్టని వస్తువును గూర్చి అడుగ మొదలిడిరి: పది సంవత్సరముల పిమ్మట రాబోవు యుద్ధమునకు ఎట్టి విమానమును, ఎట్టి వాహనమును నిర్మింపవలెను? ఇది కఠినతరమైన ప్రశ్న. తొలి ప్రయత్నమే ఒక గుణపాఠమైనది. ఎడ్విన్ పాక్సన్ నడిపిన బృందము 1950లో బాంబరు విమానములను గూర్చి విస్తృతమైన గణనము గావించి, తక్కువ ఖర్చుతో ఎక్కువ లక్ష్యములను ధ్వంసము చేయవలెనన్నచో చవుకయైన టర్బోప్రాప్ విమానములను పెక్కుగా పంపుటయే మేలని తేల్చెను. వైమానికదళాధికారులు ఆ నివేదికను చూచి మండిపడిరి. లెక్కలో తప్పు లేదు. కాని ఆ విమానములలో కూర్చుండి తిరిగి రాని వైమానికుల ప్రాణములకు ఆ లెక్కలో స్థానమే లేదు. డాలర్లను కొలుచు కొలబద్ద డాలర్లనే కొలిచినది.

నేల, వంతెన, నది, గాలి

ఇక వాహనముకడకు వత్తము. ట్యాంకు బరువెంత యని అడుగుటలో నాలుగు వేర్వేరు ప్రశ్నలు దాగియున్నవి, అడుగువారును నలుగురు.

మొదట అడుగునది నేల. అది అడుగునది బరువును గాదు, ఒత్తిడిని. 40 టన్నుల ట్యాంకు నొకదానిని తీసికొందము. దాని రెండు పట్టాలలో నొక్కొక్కటి నేలను తాకు భాగము నాలుగున్నర మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు అనుకొందము. రెండింటి వైశాల్యము 54,000 చదరపు సెంటీమీటర్లు; 40,000 కిలోగ్రాములను దానిచే భాగింపగా చదరపు సెంటీమీటరునకు ముప్పాతిక కిలోగ్రాము వచ్చును. నడచుచు ఒంటికాలిమీద నున్న క్షణమున మనుష్యుడు నేలపై మోపు ఒత్తిడి అరకిలో వరకు నుండును. నిండు సరకులారీ చక్రముల క్రింద నుండు ఒత్తిడి ట్యాంకు ఒత్తిడికి ఎనిమిది తొమ్మిది రెట్లు. లారీ దిగబడిన దుక్కిలో ట్యాంకు సాగిపోవుటకు కారణ మిదియే. ఆవడిలో రూపొందిన అర్జున్ ట్యాంకు బరువు 58.5 టన్నులు, రష్యా రూపకల్పనతో అచ్చటనే తయారైన టి-72 అంతకు పదునైదు టన్నులకు పైగా తేలిక. ఐనను అర్జున్ పట్టాల విస్తీర్ణము ఎక్కువ గనుక, రెండింటి ఒత్తిడియు చదరపు సెంటీమీటరునకు 0.85 కిలోకు అటునిటుగానే యుండును. నేల దృష్టిలో ఆ రెండును సమానములే.

రెండవది వంతెన. వంతెనకు ఒత్తిడితో పనిలేదు. తన రెండు దిమ్మెల నడుమ ఎన్ని టన్నులు నిలిచినవో అది లెక్కించును. పంజాబు మైదానమునందలి కాలువలను, నదులను దాటవలసిన ట్యాంకు విషయమున ఈ ప్రశ్నకు సమాధానము రాజస్థానపు ఇసుకలో వచ్చు సమాధానముకంటె భిన్నముగా నుండును. నేలను తృప్తిపరచుటకై వెడల్పు చేసిన పట్టాలు మరల రైలుపెట్టెకు అభ్యంతరములగును. జర్మనులు తమ టైగరు ట్యాంకును రైలుమీద తరలించునపుడెల్ల వెడల్పు పట్టాలను విప్పి, ఇరుకు పట్టాలను తొడిగి, దిగిన పిమ్మట మరల మార్చుకొనవలసి వచ్చెడిది. యాబది యేడు టన్నుల వాహనమునకు పాదరక్షలు మార్చు ఆ పని యెంతటిదో, యుద్ధభూమికి కూతవేటు దూరములో చీకటిలో చేసినవారికే తెలియును.

మూడవది నది. మెదకు ప్రాంతమున ఎద్దుమైలారములో తయారగు బి.ఎం.పి.-2 వాహనము పదాతిసైనికులను మోసికొనుచు నీటిపై తేలి పోగలదు. తేలవలెనన్నచో ఇంచుమించు 14 టన్నులను మించి బరువుండరాదు. మించరాదన్నచో కవచము పలుచన కావలెను. ఆ పలుచని కవచమును చూచి నిర్మాతలను నిందించువాడు నదిని మరచినవాడు.

నాలుగవది గాలి. నాలుగున్నర వేల మీటర్ల యెత్తున గాలి సాంద్రత సముద్రతీరమున నుండుదానిలో అయిదింట మూడు వంతులకు కొంచెమే హెచ్చు. ఇంజను పీల్చు ప్రాణవాయువు అంతమేరకు తగ్గును. కుదింపు యంత్రములతో కొంత పూడ్చుకొనినను, మైదానమున ఉరికిన ట్యాంకు అచ్చట ఆయాసపడును.

ఈ నలుగురి నడుమ నలిగిపోవు నిర్మాత ఒక వలయములో చిక్కుకొనును. కవచము హెచ్చించినచో బరువు పెరుగును. పెరిగిన బరువును లాగుటకు పెద్ద ఇంజను కావలెను. పెద్ద ఇంజనుకు ఎక్కువ ఇంధనము, ఆ రెండింటికిని ఎక్కువ చోటు. ఆ చోటునంతటిని మరల కవచముతో కప్పవలెను. హైదరాబాదు కంచన్‌బాగులోని లోహశోధన ప్రయోగశాలవారు అర్జున్ కొరకు కాంచన్ అను మిశ్రమకవచమును నిర్మించుట, ఈ వలయము నొకచోట తెంపుటకు చేసిన ప్రయత్నమే: అదే రక్షణమును ఉత్త ఉక్కుకంటె తక్కువ బరువుతో సాధించుట. సోవియట్ నిర్మాతలు దానిని మరియొకచోట తెంపిరి. గుండు నింపు మనుష్యుని తొలగించి, ఆ పనికి యంత్రము నమర్చి, సిబ్బందిని నలుగురినుండి ముగ్గురికి తగ్గించిరి. మనిషి తగ్గుటతో చోటు తగ్గినది. చోటు తగ్గుటతో టి-72 పొట్టిగా, తేలికగా, వంతెనలకు అనుకూలముగా తయారైనది. కాని ఆ యంత్రములో 22 గుండ్లు సిబ్బంది పాదముల క్రిందనే చక్రాకారముగా పేర్చియుండును. శత్రువు గుండు అచ్చటికి చేరెనా, ఆ ముగ్గురును దక్కుట దుర్లభము. అమెరికావారి ఎం-1 ట్యాంకులో గుండ్లలో ఎక్కువ భాగము బురుజు వెనుకభాగమున, ఉక్కు తలుపుల కావల నుండును. అవి అంటుకొన్నపుడు పైకప్పు పలకలు ఊడిపోయి మంట ఆకాశమునకు పోవును, మనుష్యులు మిగులుదురు. దీనికి మూల్యము పెద్ద బురుజు, పెద్ద బరువు. ఎవరి లెక్క సరియైనది? వంతెనను అడిగిన నొక సమాధానము, సైనికుని తల్లిని అడిగిన వేరొకటి.

సంఖ్యయు గుణమును

ఒక్క మేలైన ట్యాంకా, రెండు సామాన్యమైన ట్యాంకులా యను వివాదము పాతది. దీనికి గణితరూప మొసగినవాడు ఇంగ్లండులో మోటారుకార్లు నిర్మించిన ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టరు. 1916లో వెలువడిన గ్రంథమున అతడు చెప్పినది స్థూలముగా నిది. ఇరుపక్షములవారును దూరమునుండి ఒకరినొకరు గురిచూచి కొట్టగలిగిన పోరులో, సేన బలము దాని సంఖ్యకు గాక సంఖ్యయొక్క వర్గమునకు అనుగుణముగా నుండును. సమాన గుణముగల 100 ట్యాంకులును 50 ట్యాంకులును కడదాక పోరాడినచో, 50 నశించునప్పటికి రెండవ పక్షమున మిగులునవి 50 కావు, ఇంచుమించు 87. ఆ 50 ట్యాంకులు నూరింటితో సరితూగవలెనన్నచో ఒక్కొక్కటి రెండురెట్లు గాదు, నాలుగురెట్లు మేలైనదిగా నుండవలెను.

ఇచ్చట సంఖ్య యనగా కర్మాగారమునుండి వెలువడిన సంఖ్య గాదు; ఆ ఉదయమున ఇంజను కదలి బారులు తీరిన సంఖ్య. సగటున 100 గంటలు నడిచి చెడిపోవు ట్యాంకును బాగుచేయుటకు 50 గంటలు పట్టినచో, ఏ వేళనైనను మూడింట రెండు వంతులే సిద్ధముగా నుండును. విడిభాగములను ముందుగానే దగ్గరకు చేర్చి, ఆ 50 గంటలను 25కు తగ్గించినచో, నూటికి 80 సిద్ధమగును. ట్యాంకులో ఒక మేకునైనను మార్పలేదు. కాని 67 స్థానమున 80 నిలిచినవి గనుక వర్గసూత్రము ననుసరించి బలము 44 శాతము పెరిగినది. ఫిరంగిని అంత మేలుచేయుటకు ఎన్ని యేండ్లు, ఎన్ని కోట్లు పట్టునో ఊహించుకొనవచ్చును. 1943 జూలైలో కుర్స్క్ సమరమునకు జర్మనులు దింపిన 200 ప్యాంథరు ట్యాంకులు కవచమునందును ఫిరంగియందును ఎదుటివారిని మించినవే. కాని ఇంజనులు మండియు, చోదకయంత్రములు విరిగియు, మందుపాతరలపాలైయు కొద్దిదినములకే వానిలో బహు కొద్ది మాత్రమే పోరుకు మిగిలెను.

ఐనను సూత్రమును దైవవాక్యముగా కొలువరాదు. జోజిలావంటి కనుమలో ట్యాంకులు ఒకదాని వెనుక నొకటి పోవలెను. నూరున్నను ముందున్న యొకటి రెండే పోరాడగలవు. అచ్చట వర్గసూత్రము పనిచేయదు. సంఖ్యయు గుణమును సమాన ప్రతిపత్తి గలవియగును. భూగోళము మారిన సూత్రమే మారును.

కొలబద్ద తప్పినచో

1963లో అమెరికాయు పశ్చిమ జర్మనీయు కలిసి ఎం.బి.టి.-70 అను నూతన ట్యాంకును నిర్మింప బూనుకొనెను. అందు లేని వింత లేదు: గుండును క్షిపణిని రెండింటిని ప్రయోగింపగల 152 మిల్లీమీటర్ల ఫిరంగి, తనంత తాను గుండు నింపుకొను యంత్రము, ఇష్టానుసారము పైకి లేచి క్రిందికి క్రుంగు శరీరము. సిబ్బంది యందరును బురుజులోనే కూర్చుందురు. బురుజు ఎటు తిరిగినను చోదకుని ఆసనము మాత్రము ప్రతిదిశగా తిరుగుచు అతనిని ముందుకే చూపును. తల తిరిగినదో ట్యాంకు తిరిగినదో తెలియక చోదకులు తికమకపడిరి. ప్రతి గుణమును విడివిడిగా చూచిన ప్రశంసార్హమే; అన్నియు నొకచోట చేరగా ఒక్కొక్క ట్యాంకు ధర పదిలక్షల డాలర్లకు దరిదాపయ్యెను. జర్మనీ 1970లో తప్పుకొనెను. కొంత చవుక చేయ యత్నించిన పిమ్మట 1971 డిసెంబరులో అమెరికా కాంగ్రెసు ఆ యోజనకు స్వస్తి చెప్పెను.

దాని స్థానమున వచ్చిన ఎం-1 విషయమున వారు పద్ధతిని తలక్రిందులు చేసిరి. గుణములను ముందుగా ప్రాధాన్యక్రమమున పేర్చిరి. సిబ్బంది ప్రాణరక్షణమును అగ్రస్థానమున నుంచిరి. 1972 నాటి డాలర్లలో ట్యాంకు ఒక్కింటికి ఇంచుమించు 5,07,000 మించరాదని ధరకు హద్దు గీచిరి. రెండు గుణములు పోటీపడినపుడు ఏది తగ్గవలెనో ముందే తేలియుండెను. రెండు సంస్థల నమూనాలను పోల్చి 1976లో క్రైస్లరు నమూనాను ఎంచుకొనిరి.

ఐనను అందును ఒక లెక్క వెనుకబడినది. 1,500 అశ్వశక్తిగల ఆ గ్యాస్ టర్బైను ఇంజను తేలికైనది, చలిలోను చప్పున నందుకొనునది. కాని అది కదలక నిలిచియున్నపుడును గంటకు 40 లీటర్లకు దరిదాపుగా ఇంధనము త్రాగును. ట్యాంకు తన జీవితకాలములో అధికభాగము నిలిచియే యుండును. నిఘాయంత్రములకు విద్యుత్తు కావలెను గనుక ఇంజను నడుచుచునే యుండవలెను. 1991 నాటి గల్ఫు యుద్ధమున ఆ ట్యాంకుల వేగమును నిర్ణయించినది వాని ఇంజను గాదు, వెనుక వచ్చు ఇంధనపు లారీల వరుస. తరువాతి కాలమున విద్యుత్తు కొరకే చిన్న ఉపయంత్రముల నమర్చిరి. నడచు ట్యాంకును కొలిచినవారు నిలిచిన ట్యాంకును కొలుచుట ఆలస్యము చేసిరి.

కాగితమును ఇనుమును

విశ్లేషకుని నమూనాలు ఎంత నేర్పుతో అల్లినవైనను, అవి తెలిసినదానిని మాత్రమే గుణించును. అమెరికావారి బ్రాడ్లీ కవచవాహనము విషయమున ఈ వివాదము పరాకాష్ఠ నందుకొనెను. పదాతిసైనికులను మోయుటకు మొదలైన ఆ వాహనమునకు 1976 పిమ్మట ఇద్దరు మనుష్యుల బురుజు, ట్యాంకులను భేదించు క్షిపణులు చేరగా, వెనుక కూర్చుండు సైనికులు ఆరేడుగురికి పరిమితులైరి. అల్యూమినియము కవచములోనికి గుండు చొచ్చినపుడు లోపల నేమి జరుగును? గణకయంత్రపు అంచనాలు చాలునని కొందరు. నిజమైన ఇంధనముతో, నిజమైన గుండ్లతో నింపిన వాహనమునే కాల్చి చూడవలెనని వైమానికదళమునకు చెందిన కర్నల్ జేమ్స్ బర్టన్. ఆ వాదము కాంగ్రెసు దాక పోయినది. పూర్తిస్థాయి ఉత్పత్తికి పూర్వము వాహనములను నిజమైన ఆయుధములతో పరీక్షింపవలెనను శాసనము 1986లో వచ్చినది. ఆ పరీక్షల పిమ్మట బ్రాడ్లీకి అదనపు కవచమును, లోపలి గోడలనుండి ఎగురు చీలికల నడ్డు తొడుగును ఏర్పడినవి.

మనదేశమునను 2010లో రాజస్థానపు ఎడారిలో అర్జున్ ట్యాంకులను, టి-90 ట్యాంకులను ప్రక్కప్రక్కన నడిపి, కాల్చి పోల్చిచూచిరి. ఏండ్ల తరబడి కాగితములమీద సాగిన తర్కమును ఇసుకలోనికి దింపుట విశ్లేషణమునకు విరుద్ధము గాదు. విశ్లేషణములో అదియు నొక అంకము. ఐనను ఆ ఇసుక, ఇసుకను గూర్చి మాత్రమే సాక్ష్యమిచ్చును; కాలువ వంతెనను గూర్చి చెప్పదు.

శత్రువును లెక్కించుట

కొండవాగు తన లోతును మనలను చూచి మార్చుకొనదు, శత్రువు మార్చుకొనును. ఈ సత్యమునకు సాక్ష్యము మన యిరుగుపొరుగు అడవులలోనే కలదు. మావోయిస్టులు దారులలో పాతిపెట్టు మందుపాతరల నెదుర్కొనుటకై, అడుగుభాగము పడవవలె కోణాకృతిగా నుండి ప్రేలుడును ఇరుప్రక్కలకు చిమ్మివేయు వాహనములను పోలీసుదళములకు ఇచ్చిరి. ఎద్దుమైలారము కర్మాగారమునను ఇట్టివి తయారైనవి. వాహనశాస్త్రదృష్టితో అది నిర్దుష్టమైన నిర్మాణము: నిర్ణీతమైన కొన్ని కిలోల ప్రేలుడునుండి అది నిశ్చయముగా కాపాడును. కాని ఎన్ని కిలోలు పాతవలెనో నిర్ణయించువాడు వాహనశాస్త్రజ్ఞుడు గాడు. 2005 సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ ప్రాంతమున అట్టి వాహనమొకటి పెనుప్రేలుడుకు ఎగిరిపడగా ఇరువదిమందికి పైగా మరణించిరి. కవచమునకు మరియొక టన్ను చేర్చుటకు నెలలు పట్టును; గోతిలో మరియొక బస్తా చేర్చుటకు ఒక రాత్రి చాలును. ఈ పోటీలో వాహనము గెలుచుట కల్ల.

ఇందుకు సమాధానము మేలైన వాహనములో గాక, వాహనమును విడిచిపెట్టుటలో అప్పటికే దొరకియుండెను. 1989లో ఆంధ్రప్రదేశమున ఏర్పడిన గ్రేహౌండ్స్ దళము అడవిలో బాట వదలి, కాలినడకన, రాత్రివేళల సాగుటనే తన పద్ధతిగా చేసికొనెను. బాటమీద లేనివానిని బాటలోని మందుపాతర ఏమి చేయును? ఏ వాహనము కొనవలెనని అడిగినవారికి ఏదియు వలదని చెప్పగల ధైర్యముండుట వ్యవస్థా విశ్లేషణమునకు గీటురాయి. వాహనములనమ్ము సంస్థ ఆ సమాధానమును ఎన్నడును ఇవ్వజాలదు. వాహనముల శాఖయు ఇచ్చుట అరుదు. అందుచేతనే విశ్లేషకుడు ఆ రెండింటికిని వెలుపల నుండవలెనందురు.

నివేదికలో ఉండవలసిన పుట

1962 అక్టోబరులో లడఖునందలి చుషూల్ మైదానమునకు ఏ.ఎం.ఎక్స్.-13 అను తేలిక ట్యాంకులను ఏ.ఎన్.-12 విమానములలో చేర్చిరి. విమానమున పట్టుటయే వాని యోగ్యత. ఆ తరువాత దశాబ్దుల తరబడి మన సేన భారీ ట్యాంకులవైపు మొగ్గినది. పంజాబు, రాజస్థాన మైదానముల దృష్ట్యా అది సమంజసమే. 2020లో మరల లడఖున చీనాతో ప్రతిష్టంభన ఏర్పడగా, మైదానముల కొరకు చేసిన ట్యాంకులనే ఆ యెత్తునకు తరలించిరి. ఆ యనుభవమునుండి జొరావర్ అను 25 టన్నుల తేలిక ట్యాంకు పుట్టినది; 2024 డిసెంబరులో 4,200 మీటర్లకు పైబడిన యెత్తున దానిచే గుండ్లు పేల్పించి పరీక్షించిరి. స్టూవర్టు అనాలోచితముగా సమకూర్చిన గుణమును జొరావర్‌లో బుద్ధిపూర్వకముగా నమర్చినారు.

ఐనను జొరావర్ అర్జున్ కంటె మేలైనదని దీనికర్థము గాదు. 25 టన్నులలో ఇముడు కవచము 58 టన్నులలో ఇముడు కవచము కాజాలదు. బార్మేరు ఇసుకలో శత్రువు భారీ ఫిరంగి యెదుట దానిని నిలుపువాడు, జోజిలాకు పోవు దారిలోని వంతెనమీదికి అర్జున్‌ను తోలువానితో సమానుడు. ఇట్టి చోట విశ్లేషకుడు చేయగలిగినది ప్రతి ఎంపికకును ధరకట్టి చూపుట: ఈ బరువునకు ఇన్ని వంతెనలు మూసికొనును, ఈ తేలికదనమునకు ఇన్ని ప్రాణములు ప్రమాదమున పడును, ఈ ఇంజనుకు ఇన్ని లారీలు కట్టుబడియుండును. ఆ ధర చెల్లింపదగినదా కాదా యని నిర్ణయించు అధికారము సేనానిది, ప్రజాప్రతినిధులది. దానిని అంకెల మాటున తాను లాగికొను విశ్లేషకుడు శాస్త్రమునకును ప్రజలకును ద్రోహము చేసినవాడగును.

కావున వాహనపు ఎంపికను గూర్చిన నివేదిక చేతికి వచ్చినపుడు మొదట చూడవలసినది అందు విజేతగా ప్రకటించిన నమూనా పేరు గాదు. ఊహలలో ఏది తారుమారైనచో ఈ తీర్పు తారుమారగునో, అనగా వంతెన యెంత పెరిగినచో, ఇంధనపు ధర యెంత హెచ్చినచో, శత్రువు ఏ యెత్తు వేసినచో తాము త్రోసిపుచ్చిన నమూనాయే మేలగునో వివరించు పుట యొకటి అందుండవలెను. లెక్కకు లొంగక తాము విడిచిపెట్టిన విషయములు, మనుష్యుల ప్రాణములతో సహా, ఆ పుటలోనే పేర్కొనియుండవలెను. పాక్సన్ నివేదికలో ఆ పుట లేదు. ఏ నివేదికలో అది లేకున్నను, దానిని చదువక మునుపే వ్రాసినవారికి త్రిప్పి పంపవచ్చును.